ఆరు గెలుపులు, ఏడు ఓటములు

2025 సెప్టెంబర్ 20, శనివారం. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో, నేను చదివిన యూనివర్సిటీ జట్టు క్లెమ్సన్, సొంత మైదానంలో సిరక్యూస్ చేతిలో 34-21తో ఓడిపోయింది. నాలుగు ఆటల్లో అది మూడో ఓటమి. సీజన్ మొదలవకముందు దేశంలో నాలుగో ర్యాంకు ఇచ్చిన జట్టు ఇది. ఆట పూర్తవకముందే మా క్లెమ్సన్ స్నేహితుల వాట్సాప్ గ్రూపు మోగడం మొదలైంది.

"డాబో ఇంక దిగిపోవాలి రా. అతని కాలం అయిపోయింది" అన్నాడు డాలస్‌లో ఉండే మా పాత రూమ్మేటు, జట్టు హెడ్ కోచ్ డాబో స్వినీ గురించి.

"2010లో కూడా నువ్వు ఇదే మాట అన్నావు. అప్పుడు ఓపిక పట్టారు కాబట్టే రెండు నేషనల్ ఛాంపియన్‌షిప్‌లు వచ్చాయి. ఇప్పుడూ పట్టాలి" అన్నాడు రాలీలో ఉండే ఇంకొకడు.

అర్ధరాత్రి దాకా వాదన నడిచింది. నేను రెండు మూడుసార్లు ఏదో టైపు చేసి చెరిపేశాను. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది, ముఖ్యంగా రెండోవాడితో. 2010లో ఏడు ఆటలు ఓడినా కోచ్‌ని తీసేయకుండా ఓపిక పట్టాం, ఫలం దక్కింది అనే కథ క్లెమ్సన్‌లో చదివినవాళ్ళందరి నోటా వింటాను. మొదట్లో నేనూ అలాగే చెప్పేవాణ్ణి. కానీ ఆ ఏడాది ఏం జరిగిందో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటే, దానికి ఓపిక అనే పేరు సరిపోదనిపిస్తోంది. ఆ పేరు పెట్టడం వల్ల మనం తప్పు పాఠం నేర్చుకుంటున్నామని కూడా అనిపిస్తోంది. వాట్సాప్‌లో ఇమడని మాట కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను దిగిన ఏడాదే

2008 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి సౌత్ కరోలినాలోని క్లెమ్సన్‌లో దిగాను. చిన్న ఊరు. మామూలు రోజుల్లో సాయంత్రం ఏడు దాటితే రోడ్డు మీద మనిషి కనపడడు. ఊళ్ళోకి వచ్చే రోడ్ల మీద పెద్ద పెద్ద పులి పంజాలు నారింజ రంగులో వేసి ఉంటాయి. టికెట్టు లేని క్యాట్ బస్సెక్కి క్లాసుకి వెళ్ళడం, రావడం, రైస్ కుక్కర్ పెట్టుకోవడం, ఇండియాకి ఫోన్ చేయడం, ఇదే జీవితం. ఆట ఉన్న శనివారం మాత్రం ఊరు మారిపోయేది. ఎనభై వేలమంది పట్టే స్టేడియం నిండిపోయేది. నలుగురు తెలుగువాళ్ళం ఒక అపార్ట్‌మెంటులో నేలమీద పరుపులు వేసుకుని పడుకునేవాళ్ళం. ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదనే మాకు తెలుసు.

మా విద్యార్థి సంఘం తరఫున స్టేడియంలో ఒక ఫుడ్ స్టాల్ నడిపేవాళ్ళం. వచ్చిన డబ్బు దీపావళి కార్యక్రమానికి పనికొచ్చేది. స్టాల్ స్టాండ్స్ కింద ఉండేది. అక్కణ్ణుంచి ఆట కనపడదు, అరుపే వినపడుతుంది. అరుపును బట్టి ఏం జరిగి ఉంటుందో ఊహించుకుంటూ హాట్‌డాగ్‌లు అందించేవాళ్ళం. ఆ ఏడాది జట్టుకి తొమ్మిదో ర్యాంకుతో సీజన్ మొదలైంది. మొదటి ఆటలోనే అట్లాంటాలో అలబామా చేతిలో 34-10తో చితికిపోయింది. అక్టోబర్ వచ్చేసరికి స్టాల్ దగ్గరికి వచ్చేవాళ్ళ ముఖాలు చూస్తేనే స్కోరు తెలిసిపోయేది.

అక్టోబర్ 13, సోమవారం. లెమన్ బ్రదర్స్ కూలి సరిగ్గా నాలుగు వారాలు. అసిస్టెంట్‌షిప్‌లు ఉంటాయా ఊడతాయా అని మాకు ఒకటే టెన్షన్. ఆ రోజు ల్యాబ్‌లో పక్క కుర్చీ అబ్బాయి పరుగున వచ్చి "బౌడెన్ పోయాడు" అన్నాడు. ఎవరో చనిపోయారేమో అనుకుని, అయ్యో అన్నాను. 1999 నుంచి హెడ్ కోచ్‌గా ఉన్న టామీ బౌడెన్ సీజన్ మధ్యలో తప్పుకున్నాడని తర్వాత అర్థమైంది. ఆయన చోట తాత్కాలికంగా కూర్చోబెట్టింది రిసీవర్లకు, అంటే విసిరిన బంతిని పట్టే ఆటగాళ్ళకు, తర్ఫీదు ఇచ్చే డాబో స్వినీని. వయసు 38. హెడ్ కోచ్ సంగతి అటుంచి, ఆఫెన్స్‌కో (పాయింట్లు రాబట్టే వైపు) డిఫెన్స్‌కో (ఎదుటివాళ్ళని ఆపే వైపు) కోఆర్డినేటర్‌గా, అంటే ఆ వైపు ముఖ్య కోచ్‌గా కూడా ఎన్నడూ చేయలేదు. అలబామాలో తను పనిచేసిన కోచింగ్ బృందం మొత్తాన్నీ సాగనంపాక, రెండేళ్లపాటు రియల్ ఎస్టేట్ కంపెనీలో పనిచేసినవాడు. 2003లో క్లెమ్సన్ పిలిచింది.

అతన్ని ఎంచుకున్నది యూనివర్సిటీలో ఆటల విభాగం అధిపతి, అథ్లెటిక్ డైరెక్టర్ టెర్రీ డాన్ ఫిలిప్స్. ఎందుకు ఎంచుకున్నారో తర్వాత చాలాచోట్ల చెప్పారు. ప్రాక్టీసు జరిగేటప్పుడు, లాకర్ రూమ్‌లో, ఆయన తిరుగుతూ గమనించేవారు. స్వినీ దగ్గర కుర్రాళ్ళు ఎలా మసలుతున్నారు, తన గుంపులో లేని ఆటగాళ్ళు కూడా అతని మాట ఎలా వింటున్నారు అన్నది ఆయన కంట పడింది. ఈ సంగతి మళ్ళీ అవసరం పడుతుంది.

మొదటి ఆట జార్జియా టెక్‌తో. 21-17తో ఓడారు. కానీ మిగిలిన సీజన్‌లో పుంజుకుని, పక్కలో బల్లెం లాంటి సౌత్ కరోలినాని 31-14తో కొట్టారు. ఆ తర్వాత స్వినీకి ఉద్యోగం ఖాయమైంది. మొదటి కాంట్రాక్టు ఏడాదికి 8 లక్షల డాలర్ల దగ్గర. మనకది పెద్ద మొత్తమే గానీ, ఆ స్థాయి హెడ్ కోచ్‌లలో అడుగు వరస జీతం.

ఆబర్న్‌లో ఆ కిక్

2009 బాగానే గడిచింది. సి.జె. స్పిల్లర్ పరుగుల మీద తొమ్మిది ఆటలు గెలిచి, తమ కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీల లీగు) ఫైనల్ దాకా వెళ్ళారు. అసలు కథ 2010ది. నేను ఆ వేసవిలో చదువు ముగించి, ముప్ఫై మైళ్ళ దూరంలోని గ్రీన్‌విల్‌లో ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు ఆట కనపడేది, టీవీలో.

సెప్టెంబర్ 18న ఆబర్న్‌తో ఆట. క్లెమ్సన్ ఒక దశలో 17-0 ఆధిక్యంలో ఉంది. అక్కణ్ణుంచి జారి, 24-24తో సమమై, అదనపు సమయంలోకి వెళ్ళింది. ఆబర్న్ ఒక ఫీల్డ్ గోల్ కొట్టి, అంటే బంతిని కర్రల మధ్యనుంచి తన్ని, మూడు పాయింట్లు ముందుకెళ్ళింది. మనవాళ్ళు కూడా ఫీల్డ్ గోల్ కొడితే ఆట ఇంకా నిలుస్తుంది. చాండ్లర్ కాటన్‌జారో అనే కొత్త కిక్కర్ కొట్టాడు. బంతి కర్రల మధ్యనుంచే వెళ్ళింది. కానీ బంతి అందించడంలో తప్పు జరిగిందని రెఫరీ జెండా వేశాడు. అయిదు గజాలు వెనక్కి వచ్చి మళ్ళీ కొట్టమన్నారు. మళ్ళీ కొట్టాడు. ఈసారి ఎడమవైపు బయటికి పోయింది. 27-24.

ఆ ఏడాది ఆబర్న్ ఒక్క ఆటా ఓడకుండా జాతీయ ఛాంపియన్ అయింది. ఆ సంగతి జనవరిలో గానీ తెలియలేదు. అప్పటికి మాకు తెలిసింది ఓడిపోయామని మాత్రమే.

తర్వాత మయామీ, నార్త్ కరోలినా, బోస్టన్ కాలేజ్, ఫ్లోరిడా స్టేట్ చేతిలోనూ ఓటములే. ఫ్లోరిడా స్టేట్ వాడైతే చివరి క్షణంలో 55 గజాల దూరం నుంచి కొట్టి గెలిచాడు. తేడాలు చూడండి: మూడు, తొమ్మిది, అయిదు, ఆరు, మూడు. ఆఖర్న సౌత్ కరోలినా మన మైదానంలోకి వచ్చి 29-7తో నిజంగానే చితగ్గొట్టింది. డిసెంబర్ చివర బౌల్ గేమ్‌లో, అంటే సీజన్ అయ్యాక ఆడే ప్రత్యేక ఆటలో, సౌత్ ఫ్లోరిడా చేతిలో అయిదు పాయింట్ల తేడాతో ఇంకో ఓటమి. మొత్తం ఆరు గెలుపులు, ఏడు ఓటములు. 1998 తర్వాత క్లెమ్సన్ గెలుపులకన్నా ఓటములు ఎక్కువ చూసింది ఆ ఏడాదే.

సౌత్ కరోలినా ఆట తర్వాతి సోమవారం మా ఆఫీసులో ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్లుగా సీజన్ టికెట్లు కొంటున్న మనిషి, కాఫీ మిషన్ దగ్గర నాతో అన్నాడు: "రిసీవర్ కోచ్‌ని తెచ్చి హెడ్ కోచ్‌ని చేస్తే ఇలాగే ఉంటుంది." ఆ రోజు ఊరంతా అదే మాట. నేనూ తల ఊపాను. ఆట గురించి నాకు తెలిసింది రెండేళ్ల అరుపులే అయినా, తల ఊపాను.

ఆ ఓటమి తర్వాత ఫిలిప్స్ స్వినీ గదికి వచ్చారు. తనను తీసేయడానికే వచ్చారని స్వినీ అనుకున్నాడట. ఫిలిప్స్ కూర్చుని, నిన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజుకన్నా ఇవాళ నీ మీద నాకు నమ్మకం ఎక్కువ అన్న అర్థం వచ్చే మాట చెప్పారు. స్వినీ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ గొంతులో ఆ కృతజ్ఞత తెలుస్తూనే ఉంటుంది.

ఓపిక అంటే అభ్యంతరం ఎందుకు

ఓపిక పట్టడం అంటే ఏమీ చేయకుండా రోజులు గడవనివ్వడం అని మన వాడుక. 2010 తర్వాత క్లెమ్సన్‌లో జరిగింది అది కాదు. కొద్ది రోజుల్లోనే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ బిల్లీ నేపియర్‌ని తీసేశారు. స్వినీ స్వయంగా పైకి తెచ్చిన 31 ఏళ్ల కుర్రాడు. అతనితోపాటు, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల కోచ్ కూడా వెళ్ళాడు. నేపియర్ స్థానంలో చాడ్ మోరిస్‌ని తెచ్చారు. అంతకు ఏడాది ముందు దాకా టెక్సస్‌లో హైస్కూలు జట్లకు కోచ్‌గా ఉన్న మనిషి. హైస్కూలు కోచ్‌కి అంత పెద్ద జట్టు ఆఫెన్స్ అప్పగిస్తారా అని మళ్ళీ గొడవ.

ఎక్కడ తెగింది, ఎక్కడ గట్టిగా ఉంది అన్నది విడదీసి చూశారు కాబట్టే ఈ పని చేయగలిగారు. ఆ ఏడాది డిఫెన్స్ బలంగానే ఉంది. డకాన్ బవర్స్, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లను పడగొట్టడంలో దేశంలోనే మొదటివాడు. బోస్టన్ కాలేజ్‌కి 16 పాయింట్లే ఇచ్చి ఓడారు, ఫ్లోరిడా స్టేట్‌కీ పదహారే. పాయింట్లు రాబట్టలేకపోవడమే జబ్బు. ఇంకొకటి, స్కోరుబోర్డు మీద ఎప్పటికీ కనపడనిది: ఆరు గెలుపుల జట్టులోకి రావడానికి మంచి ఆటగాళ్ళు ఇంకా ఒప్పుకుంటూనే ఉన్నారు. 2011 ఫిబ్రవరిలో జట్టులో చేరతామని సంతకాలు చేసిన కుర్రాళ్ళలో సామీ వాట్కిన్స్ ఉన్నాడు. దేశమంతా వెంటపడుతున్న రిసీవర్. ఏడు ఓటముల కోచ్‌ని నమ్మి, వాళ్ళ అమ్మానాన్నలు కొడుకుని పంపించారు.

ఫిలిప్స్ ఇవన్నీ చూడగలిగే చోట ఉన్నారు. నేనూ, మా ఆఫీసు పెద్దాయనా స్టాండ్స్ కింద అరుపులు విని తీర్పు చెబుతున్నాం.

నాకు ఇది ఇంతగా పట్టడానికి వేరే కారణం ఉంది. ఇంటర్ విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. వారం వారం పరీక్ష, మార్కుల జాబితా గోడకి, జాబితాని బట్టి సెక్షన్ మార్పు. సెకండియర్‌లో మాకు మ్యాథ్స్ చెప్పే సార్ ఒకరు ఉండేవారు. ఫార్ములా ఇచ్చి వదిలేసేవారు కాదు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో బోర్డంతా నింపి చూపించేవారు. దానికి టైం పడుతుంది. మొదటి రెండు నెలల్లో మా సెక్షన్ సగటు పక్క సెక్షన్లకన్నా తక్కువ. అక్టోబర్‌కి వచ్చేసరికి తేడా తగ్గుతోంది. తెలియని లెక్క ఎదురైనా మేం బెదరడం మానేశాం, అది మాకు తెలుసు. నవంబర్‌లో ఒక సోమవారం ఉదయం వేరే సార్ వచ్చారు. పాత సార్ ఏరీ అంటే, "ఆయన ఇక రారు, నోట్స్ తీయండి" అన్నారు. ఆ ఆరు నెలల్లో యాజమాన్యం తరఫున ఒక్కరు కూడా మా క్లాసు వెనక బెంచీలో కూర్చుని పాఠం వినలేదు. గోడ మీది జాబితా చూశారు, అంతే. సార్‌కి ఇంకొన్నాళ్లు టైం ఇవ్వాల్సిందా అన్నది వేరే ప్రశ్న. ఒక్కసారి వచ్చి వినాల్సింది. ఇరవై ఏళ్లు దాటినా నాకు ఆ కోపం తగ్గలేదు.

దీనికి ఎదురు నిలిచే అనుభవమూ నాకు ఉంది. అది చెప్పకపోతే అన్యాయం. నేను పనిచేసిన ఒక కంపెనీలో మేనేజరు ఒకతన్ని అయిదేళ్లు కదపలేదు. మంచివాడు, అందరినీ పలకరించేవాడు, పైవాళ్ళకి ఆప్తుడు. ప్రతి ఏడాదీ "ఇంకొంచెం టైం ఇద్దాం" అనేవారు. ఆ అయిదేళ్లలో టీమ్‌లో పనిచేయగలిగినవాళ్ళందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, నాతో సహా. అక్కడ ఓపికకి కొదవ లేదు. చూసినవాళ్ళే లేరు. కాలేజీలో తొందరపడి తీసేసినవాళ్ళూ, కంపెనీలో తీయకుండా కూర్చున్నవాళ్ళూ చేసిన తప్పు ఒకటేనని నాకు అనిపిస్తుంది.

డెబ్బై పాయింట్లు

2011లో వాట్కిన్స్, క్వార్టర్‌బ్యాక్ టాజ్ బాయిడ్, మోరిస్ ఆఫెన్స్ కలిసి జట్టు రూపమే మారిపోయింది. పది గెలుపులు, కాన్ఫరెన్స్ టైటిల్. తీరా ఆరెంజ్ బౌల్‌లో, 2012 జనవరి 4న, వెస్ట్ వర్జీనియా 70-33తో ఓడించింది. ఏ బౌల్ గేమ్‌లోనూ అప్పటిదాకా ఏ జట్టూ కొట్టనన్ని పాయింట్లు. మా ఇంట్లో పదిమందిమి కూర్చుని చూస్తున్నాం. సగం ఆట అయ్యేసరికి బిర్యానీ వైపు లేచి వెళ్ళిపోయారు.

మళ్ళీ అదే పని. ఈసారి తెగింది డిఫెన్స్‌లో. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ కెవిన్ స్టీల్ వెళ్ళాడు, ఓక్లహామా నుంచి బ్రెంట్ వెనబుల్స్ వచ్చాడు. తర్వాతి పదేళ్లూ దేశంలోని మంచి డిఫెన్స్‌లలో ఒకటిగా దాన్ని నిలబెట్టాడు.

ఆ దశాబ్దంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట, ట్రోఫీ తెచ్చిన రెండిట్లో ఏదీ కాదు. 2012 డిసెంబర్ 31, అట్లాంటా, ఎల్.ఎస్.యు. (లూసియానా స్టేట్) జట్టుతో. 2008లో అలబామా చేతిలో చితికిపోయిన అదే స్టేడియం. రెండు పాయింట్ల వెనకంజ, చివరి నిమిషాలు, ఆఖరిదైన నాలుగో ప్రయత్నంలో పదహారు గజాలు కావాలి. బాయిడ్ విసిరితే డీఆండ్రి హాప్కిన్స్ ఇద్దరి మధ్య పట్టాడు. గడియారం అయిపోతుండగా 37 గజాల ఫీల్డ్ గోల్‌కి కిక్కర్ వచ్చాడు. కాటన్‌జారో. ఆబర్న్‌లో రెండోసారి కొట్టి బయటికి పంపిన అబ్బాయి. కొట్టాడు. 25-24.

ఆబర్న్ రాత్రి ఆ కుర్రాణ్ణి ఎన్ని మాటలన్నారో నాకు గుర్తుంది. అన్నవాళ్ళలో మా గ్రూపు వాళ్ళూ ఉన్నారు. అట్లాంటాలో ఆ బంతి కర్రల మధ్య నుంచి వెళ్తుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఒక ఆటకి ఏడుస్తున్నావేంటి అని మా ఆవిడ అడిగింది. అప్పటికి పెళ్ళయి మూడు నెలలు.

ఇక్కణ్ణుంచి అందరికీ తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. ఎదుగుదల ఒకే వరసగా సాగలేదు. 2009 నుంచి 2013 దాకా సౌత్ కరోలినా చేతిలో అయిదేళ్లు వరసగా ఓడారు. 2013లో ఫ్లోరిడా స్టేట్ మన ఇంటికొచ్చి 51-14తో కొట్టి వెళ్ళింది. గెలవాల్సిన ఆటని చేజార్చుకోవడానికి 'క్లెమ్సనింగ్' అని ఒక మాటే పుట్టింది. 2015లో ఒక విలేకరి ఆ మాట ఎత్తితే స్వినీ అందరి ముందే మండిపడ్డాడు. ఆ ఏడాదే ఫైనల్ దాకా వెళ్ళి అలబామా చేతిలో 45-40తో ఓడారు. మరుసటి ఏడాది అదే అలబామాపై, ఒక్క సెకను మిగిలి ఉండగా, డీషాన్ వాట్సన్ విసిరిన బంతిని హంటర్ రెన్‌ఫ్రో పట్టి 35-31తో గెలిపించాడు. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులోకి వచ్చిన కుర్రాడు రెన్‌ఫ్రో. స్వినీ కూడా తన రోజుల్లో అలబామాలో అలాగే వచ్చినవాడు. 2018 సీజన్‌లో పదిహేను ఆటలకి పదిహేనూ గెలిచి, ఫైనల్లో అలబామాని 44-16తో ఓడించారు. 1981 తర్వాత జాతీయ టైటిల్ ఎరగని చోట మూడేళ్లలో రెండు. 2008లో పగ్గాలు అందుకున్నప్పటి నుంచి ఆ రోజు దాకా స్వినీ లెక్క 116 గెలుపులు, 30 ఓటములు.

నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

గెలిచాడు కాబట్టే మెచ్చుకుంటున్నావు కదా అని ఎవరైనా అడగవచ్చు. నన్ను నేనే అడుక్కుంటాను. దానికి నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు కథ గుర్తొస్తుంది. స్కాట్ ఫ్రాస్ట్ అక్కడి ముద్దుబిడ్డ, ఆ జట్టుకే ఆడినవాడు. 2021లో అతని జట్టు తొమ్మిది ఆటలు ఓడింది, తొమ్మిదీ పది పాయింట్ల లోపు తేడాతోనే. అథ్లెటిక్ డైరెక్టర్ అతన్ని ఉంచారు. ఆఫెన్స్ వైపు నలుగురు సహాయకులని తీసేశారు. అచ్చం 2010 క్లెమ్సన్ మందే. తర్వాతి సెప్టెంబర్‌లో జార్జియా సదరన్ చేతిలో సొంతగడ్డ మీద ఓడిపోయాక ఫ్రాస్ట్‌ని పంపించేశారు.

ఇది నా వాదనకి గట్టి దెబ్బే. తేడాలు వెతికితే దొరుకుతాయి. ఫ్రాస్ట్‌కి అది వరసగా నాలుగో ఓటముల సీజన్, స్వినీకి అది ఒక్కటే, అంతకు ముందేడు కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడాడు. స్వల్ప తేడాతో ఒక ఏడాది ఓడితే దురదృష్టం అనుకోవచ్చు, నాలుగేళ్లూ అదే జరిగితే అది జట్టు స్వభావం. అయినా, బాగా చూసి తీసుకున్న నిర్ణయం కూడా తప్పవచ్చని ఒప్పుకోక తప్పదు. సౌత్ ఫ్లోరిడా ఆట తర్వాత స్వినీ ఇంకో రెండేళ్లు తడబడి ఉంటే ఫిలిప్స్‌ని ఇవాళ ఎవరూ తలుచుకోరు. అయినా ఆయన చేసింది సరైన పనే అయి ఉండేదని నేను అంటాను, ఎందుకంటే నవంబర్ 2010లో తెలియవలసినవి ఆయన తెలుసుకున్నారు.

రెండో ఇబ్బంది నేపియర్. ఫిలిప్స్ స్వినీకి ఇచ్చిన అవకాశాన్ని స్వినీ నేపియర్‌కి ఇవ్వలేదు. ఎవరి ఓపిక కథలోనైనా కింద ఒకరు మూల్యం చెల్లిస్తున్నారేమో చూడాలి. నేపియర్ అలబామాలో చిన్న ఉద్యోగంతో మళ్ళీ మొదలుపెట్టి, లూసియానాలో హెడ్ కోచ్‌గా మంచి పేరు తెచ్చుకుని, ఫ్లోరిడా దాకా వెళ్ళాడు. 2025 అక్టోబర్‌లో ఫ్లోరిడా అతన్ని తీసేసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది 31 ఏళ్ల వయసులో అతను క్లెమ్సన్ వదిలి వెళ్ళిన జనవరి.

మూడోది ఆటగాళ్ళు. ఇది మామూలు ఇబ్బంది కాదు. 8 లక్షల డాలర్ల దగ్గర మొదలైన కోచ్ జీతం 2019లో పదేళ్లకు 9.3 కోట్ల డాలర్ల ఒప్పందం అయింది, 2022లో పదేళ్లకు 11.5 కోట్లు. 2017లో 5.5 కోట్ల డాలర్లతో, లోపల జారుడుబల్ల కూడా ఉన్న భవనం కట్టారు. ఆ దశాబ్దమంతా ఆటగాడికి దక్కింది స్కాలర్‌షిప్, భోజనం, వసతి, చిన్నపాటి ఖర్చుల డబ్బు. తన పేరున్న చొక్కా అమ్ముడైతే పైసా రాదు. 2021 జులై దాకా అంతే. కాలేజీ ఆటని జీతాల ఆటగా మారిస్తే నేను వేరే పని చూసుకుంటానని స్వినీ 2014లోనే బాహాటంగా అన్నాడు. చదువు విలువ మీద అతని నమ్మకం నిజమైనదే. తండ్రి తాగుడుతో ఇల్లు చెదిరిన మనిషి, కాలేజీలో ఉండగా తల్లిని తన గదిలోనే ఉంచుకుని చదివిన మనిషి, డిగ్రీ గురించి మాట్లాడితే నేను వింటాను. కానీ ఏడాదికి లక్షల లక్షల డాలర్లు తీసుకుంటూ ఆ మాట అనడం నాకు మింగుడుపడలేదు. స్టాల్‌లో మేం అమ్మిన ప్రతి హాట్‌డాగూ ఆ కుర్రాళ్ళని చూడటానికి వచ్చినవాళ్ళు కొన్నదే.

మళ్ళీ ఇప్పటికి

ఇక గ్రూపులో వాదన సంగతి. ఆటగాళ్ళు సులువుగా జట్లు మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక దేశమంతా దాన్ని వాడుకుంటే, స్వినీ మొండికేశాడు. 2024 సీజన్‌కి పోర్టల్ నుంచి ఒక్కరినీ తీసుకోలేదు. నేను తెచ్చిన పిల్లల్ని పక్కనపెట్టి బయటివాణ్ణి తేను అనేది అప్పట్లో అతని పట్టుదల. కాటన్‌జారోకి రెండేళ్ల తర్వాత ఇంకో కిక్ దక్కింది ఈ పట్టుదల వల్లే అని నాకు తెలుసు. అందుకే దాన్ని తిట్టడానికి నోరు రాదు. కానీ ఎల్లకాలం ఒకటే మందు పనిచేయదని కూడా ఫలితాలు చెబుతున్నాయి. పదేళ్లు నిలబడ్డ వెనబుల్స్ వెళ్ళిపోయాక, డిఫెన్స్ పగ్గాలు ఇంట్లోవాళ్ళకే ఇచ్చి, మూడేళ్లకి మార్చాల్సి వచ్చింది.

2023 అక్టోబర్ చివర జట్టు నాలుగు గెలిచి నాలుగు ఓడి ఉన్నప్పుడు, రేడియో కార్యక్రమంలో ఒక అభిమాని ఫోన్ చేసి, ఇంత జీతం తీసుకుని ఇదేనా ఆట అని అడిగాడు. స్వినీ అయిదు నిమిషాలు ఆగకుండా విరుచుకుపడ్డాడు. ఆ తర్వాత జట్టు వరసగా అయిదు గెలిచింది. గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఆ పిలిచినవాడు 2010లో మా ఆఫీసు పెద్దాయన లాంటివాడు. కటువుగా అడిగి ఉండొచ్చు, కానీ అడగవలసిన ప్రశ్నే.

అందుకని నా మాట ఇది. స్వినీని ఇప్పుడు తీసేయాలని నేను అనను. 2010ని చూపించి ఊరుకుందామంటే మాత్రం ఒప్పుకోను. 2010లో అడిగిన ప్రశ్నలు మళ్ళీ అడగాలి. ఎక్కడ తెగింది? మంచి కుర్రాళ్ళు ఇంకా వస్తామంటున్నారా? ప్రాక్టీసులో అతని మాట ఇంకా వింటున్నారా? వీటికి జవాబు మైదానం పక్కన నిలబడి చూసినవాళ్ళకే తెలుస్తుంది, మాకు తెలియదు.

ఇదంతా కాస్త కుదించి గ్రూపులో పెట్టాను. డాలస్ వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత రాశాడు: "అప్పుడు ఫిలిప్స్ తలుచుకుంటే మర్నాడే తీసేయగలిగేవాడు. తలుచుకోలేదు, అది ఆయన నిర్ణయం. ఇప్పుడు తీయాలంటే కోట్ల డాలర్లు కట్టాలి. వచ్చి చూసినా, చూసింది నచ్చకపోయినా, ఏం చేస్తారు చెప్పు?"

దానికి నేనింకా జవాబు రాయలేదు.